కుంగిన పిల్లరు, రాయని పద్దు

హసన్‌పర్తి మండలం దేవన్నపేటలో దేవాదుల మూడో దశ పంప్‌హౌస్ ఉంది. రామప్ప వైపు నుంచి దాదాపు 49 కిలోమీటర్లు నేల కింద సొరంగంలో వచ్చే గోదావరి నీళ్లను ఇక్కడ మోటార్లతో ఎత్తి ధర్మసాగర్ రిజర్వాయరులో పోయాలి. 2025 మార్చిలో మొదటి మోటారు ఆన్ చేయడానికి మంత్రులు వచ్చారు. ఆ రోజు మోటారు తిరగలేదు. ఇంజనీర్లు సాంకేతిక చిక్కులు సరిచేసి కొద్ది రోజులకు నడిపించారు, నీళ్లు ధర్మసాగర్ చేరాయి. ముందు మోటారు తిరగకపోవడం వార్త అయింది, తర్వాత తిరగడం వార్త అయింది. మధ్య రోజుల్లో ఏ భాగం ఎందుకు మొరాయించింది, పక్క మోటారుకు అదే గతి పట్టకుండా ఏం మార్చారు అని పనిగట్టుకుని అడిగినవాళ్లు తక్కువ.

ప్రాజెక్టుల వైఫల్యం మీద తెలుగునాట సాగుతున్న వాదులాటలో తప్పిపోయింది సరిగ్గా ఆ మధ్య రోజులే. కూలినప్పుడు కేకలు వేస్తున్నాం, కట్టినప్పుడు కొబ్బరికాయ కొడుతున్నాం. ఈ రెంటి మధ్య ఎవరు ఏం రాసి పెట్టుకున్నారన్నది తేలడం లేదు. వాదన చిక్కుపడిన చోటు కూడా ఇదే కాబట్టి, ఎవరి మాట ఏమిటో ఒకసారి విడదీసి చూడటం మంచిది.

చిట్టా

దగ్గరి చరిత్రే తీసుకుందాం. దేవాదులకు 2003లో పునాదిరాయి పడింది, 2004 తర్వాత జలయజ్ఞంలో పనులు ఊపందుకున్నాయి. గంగారం దగ్గర గోదావరి నుంచి నీళ్లెత్తి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల మెట్ట పొలాలకు ఇవ్వాలన్నది ఆలోచన. ఏడాదికి సుమారు 170 రోజులు పంపులు నడుస్తాయని లెక్క వేశారు. వేసవి వచ్చేసరికి నది అడుగంటి, నీళ్లు పంపులకు అందకుండా పోయేవి. తీసుకునే చోట నీరు నిలబెట్టే ఏర్పాటు ముందు లేదు. దిగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ కట్టాకే ఆ లోటు తీరే దారి పడింది. 2011లో శాయంపేట మండలం చలివాగు దగ్గర సొరంగంలోకి వాగునీరు దూసుకొచ్చి కూలీలు చనిపోయారు. అక్కడి పని ఏళ్ల తరబడి ఆగింది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు లాంటి ఊళ్లు రాత్రికి రాత్రి ఇసుకమేటలయ్యాయి. పోలవరంలో ప్రధాన డ్యాం పునాదిగా వేసిన డయాఫ్రం వాల్ వరదల్లో దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టారు. 2023 అక్టోబరు 21 సాయంత్రం మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగంలో 14వ కిలోమీటరు సమీపాన పైకప్పు కూలి, బురదనీరు పోటెత్తి ఎనిమిది మంది లోపల ఇరుక్కుపోయారు. వారాల పాటు వెతికితే ఇద్దరి మృతదేహాలే దొరికాయి.

వీటిని ఒకే గాటన కట్టలేం. కొన్ని పాతబడిన కట్టడాలు, కొన్ని కొత్తవి, కొన్ని పని నడుస్తుండగానే దెబ్బతిన్నవి. కారణం మీద మాత్రం ప్రతిచోటా దాదాపు అవే నాలుగు వాదాలు ఎదురవుతున్నాయి.

తప్పు ఎవరిది అనే వాదం

మొదటిది, గొంతు పెద్దది. తప్పు చేసినవాడిని పట్టుకుని శిక్షిస్తే తర్వాతివాడు భయపడతాడు, భయమే పాఠం అంటుంది. ఇందులో న్యాయం లేకపోలేదు. ప్రజల డబ్బు, ప్రజల ప్రాణం. మేడిగడ్డ వ్యవహారంలో 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషన్ వేశారు. 2025 జులై 31న నివేదిక అందింది, ఆగస్టు ఆఖరున శాసనసభ చర్చించింది, సీబీఐకి అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. నివేదికను సవాలు చేస్తూ మాజీ ముఖ్యమంత్రి, మాజీ నీటిపారుదల మంత్రి హైకోర్టుకు వెళ్లారు. ప్రజాస్వామ్యంలో ఇదంతా జరగాల్సిందే.

చిక్కల్లా, ఈ దారిలో ప్రతి కాగితమూ సాక్ష్యం అవుతుంది. అలా అయ్యే కాగితాన్ని ఇంజనీరు నిజాయితీగా రాయడు, లాయరు చదివి సరే అన్న తర్వాతే రాస్తాడు. 'ఇక్కడ ఊట కనిపించింది, నాకు అనుమానంగా ఉంది' అని నోటు పెట్టినవాడే రేపు 'తెలిసీ ఎందుకు ఊరుకున్నావు' అన్న ప్రశ్నకు బోను ఎక్కుతాడు. రాయనివాడు ఇంట్లో కూర్చుంటాడు.

పోలవరం డయాఫ్రం వాల్ కథ ఈ వాదం హద్దును బాగా చూపిస్తుంది. తాత్కాలిక అడ్డుకట్టలైన కాఫర్ డ్యాంలు పూర్తికాక ముందే గోడ వేశారు కాబట్టి కొట్టుకుపోయిందని ఒక పక్షం అంటుంది. 2019లో ప్రభుత్వం మారి ఏజెన్సీని మార్చడంతో కాఫర్ డ్యాం ఖాళీలు పూడకుండా ఉండిపోయాయని, వాటిలోంచి దూకిన వరదే గోడను కోసిందని రెండో పక్షం అంటుంది. రెండు కథల్లోనూ నీళ్లు వెళ్లిన దారి ఒక్కటే. నదిలో కట్టే పనిని వరద సీజన్ మధ్య ఏ దశలో ఆపవచ్చు, ఏ దశలో ఆపితే అంతకుముందు కట్టినదానికే ముప్పు అనే ప్రశ్న రెండు కథలకీ ఉమ్మడిది. ఆ ప్రశ్నను రెండు పక్షాలూ తమది అనుకోలేదు.

నేల చెప్పే వాదం

రెండోది ఇంజనీర్ల వాదం. నేల గురించి తెలుసుకోవాల్సింది తెలుసుకోకుండా దిగామని, మిగతావన్నీ దాని పిల్లలేనని అంటారు. నా లెక్కలో ఎక్కువ సరుకు ఉన్నది ఇక్కడే.

మేడిగడ్డనే చూద్దాం. 2019 జూన్ 21న ప్రారంభమైన ఈ బ్యారేజీకి 85 గేట్లు, ఎనిమిది బ్లాకులు, 16.17 టీఎంసీల నిల్వ. పునాది బండ మీద లేదు, ఇసుక మీద ఉంది. ఇసుక మీద బ్యారేజీలు కట్టకూడదని ఏమీ లేదు, ధవళేశ్వరం ఆనకట్ట కాలం నుంచీ కడుతున్నారు. ఇసుక మీద కట్టేటప్పుడు భయపడాల్సింది ఒకదానికి. పైన నిలబడ్డ నీటి ఒత్తిడికి కింది ఇసుకలోంచి ఊట దారి చేసుకుంటుంది, పోతూ పోతూ గుప్పెడు గుప్పెడు ఇసుకను ఎత్తుకుపోతుంది. దాన్ని ఆపడానికి ముందూ వెనకా భూమిలోకి అడ్డుగోడ దించుతారు. మేడిగడ్డలో కాంక్రీటు పైళ్లను ఒకదాంట్లోకి ఒకటి కోసుకునేలా దించి సీకెంట్ పైళ్ల గోడ వేశారు. కుంగిన తర్వాత వచ్చిన జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు 2023 నవంబరులో ఇచ్చిన నివేదిక ఒక్క కారణం చెప్పలేదు. ప్రణాళిక, డిజైను, నాణ్యత, నిర్వహణ అన్నింట్లోనూ లోపాలు కలిశాయని, పునాది కింది ఇసుక కొట్టుకుపోయిందని, అడ్డుగోడ పనిచేయలేదని చెప్పింది. వానాకాలానికి ముందూ తర్వాతా చేయాల్సిన తనిఖీలు సరిగా జరగలేదని కూడా అంది. బ్యారేజీ అంటే నీళ్లను మళ్లించే అడ్డు, దాన్ని రిజర్వాయరులా ఏడాది పొడుగునా నింపి ఉంచారన్నది మరో విమర్శ.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. డిజైను చేసినవాడు ఒక వాడకాన్ని ఊహించాడు, నడిపినవాడు మరోలా వాడాడు. ఇద్దరి మధ్య ఒక కాగితం ఉండాలి, 'ఇంత లోతు నీరు ఇన్నాళ్లు నిలిపితే ఈ ఊట బోర్లలో ఈ మట్టం దాటకూడదు, దాటితే గేట్లు ఎత్తాలి' అని. నీళ్లు ఇంకా ఎత్తాలి, చెరువులు ఇంకా నింపాలి అని పైనుంచి ఒత్తిడి వచ్చిన రోజున కాదనడానికి ఆపరేటరు చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే.

పాతకాలంలో ఊటను కనిపెట్టే పని ఊళ్లో నీరటి చేసేవాడు. వాన పట్టిందంటే లాంతరు పట్టుకుని రాత్రంతా కట్ట మీద తిరిగేవాడు. కట్ట వెనక పక్క కాలికి తడి తగిలితే, ఎక్కడైనా చిన్న బుంగ కనిపిస్తే, కారే నీరు తేటగా ఉందా బురదగా ఉందా అని దోసిట్లో పట్టి చూసేవాడు. తేట నీరైతే తెల్లారేదాకా ఆగొచ్చు. బురద కలిస్తే కట్టలోని మట్టి పోతోందన్నమాట, ఊరిని లేపాలి. రామప్ప, పాకాల, లక్నవరం ఎనిమిది వందల ఏళ్లు నిలవడంలో కాకతీయుల ఇంజనీరింగుతో పాటు ఈ దోసిలికీ వాటా ఉంది. మేడిగడ్డ తర్వాత అన్నారం బ్యారేజీ దగ్గర బుంగలు కనిపించినప్పుడు జనం మొదట అడిగిందీ అదే ప్రశ్న, నీళ్లతో ఇసుక వస్తోందా అని.

ఎస్సెల్బీసీలో కూడా నేల మాటే. మొత్తం 43.93 కిలోమీటర్ల సొరంగం, రెండు వైపుల నుంచి బోరింగ్ యంత్రాలతో తవ్వాలి. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో ఎక్కడా నిలువు బావులు, అడ్డ సొరంగాలు తవ్వే వీలు లేకపోయింది. అంటే ముందున్న రాయి గురించి తెలిసేది యంత్రం ముక్కు తగిలినప్పుడే, ప్రమాదం జరిగితే బయటపడే దారి వెనక పదమూడు కిలోమీటర్ల దూరం. అడవిని కాపాడాలన్న నిర్ణయం సరైనదే. దానితో పాటు ముప్పు పెరిగిందని ఒప్పుకుని, యంత్రం ముందు బోర్లు వేసి పరీక్షించడానికి సమయం, డబ్బు కేటాయించారా అన్నది వేరే ప్రశ్న. ప్రమాదం తర్వాత హెలికాప్టరు నుంచి విద్యుదయస్కాంత సర్వే చేయించి రాతి పొరల చిత్రం గీయించే పని మొదలైంది. ఆ క్రమం తలకిందులుగా ఉందని చెప్పడానికి ఇంజనీరే కానక్కరలేదు.

కాంట్రాక్టు వాదం

మూడో వాదం వింటే చెప్పేవాళ్లు ఆడిటర్లేమో అనిపిస్తుంది, కానీ దెబ్బ సరైన చోటే కొడుతుంది. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఈపీసీ పద్ధతి వచ్చింది. సర్వే, డిజైను, కట్టడం అన్నీ ఒకే ఏజెన్సీకి ఒకే ధరకు. వ్యయం పెరిగితే ఆ భారం ఏజెన్సీదే కాబట్టి ప్రభుత్వం నిశ్చింత అన్నారు. జలయజ్ఞం మీద ఆడిట్ చేసిన కాగ్, సర్వేలూ అనుమతులూ పూర్తికాకుండానే పనులు అప్పగించారని తప్పుబట్టింది. ఒప్పందం మీద సంతకం పెట్టాక నేలను పరీక్షిస్తే, దొరికిన ప్రతి చెడ్డ వార్తా ఏజెన్సీకి నష్టమే. చెడ్డ వార్త వెతకడానికి వాళ్లకేం అవసరం?

కానీ ఈ వాదం మేడిగడ్డ దగ్గర తడబడుతుంది. అక్కడ డిజైన్లు ఇచ్చింది నీటిపారుదల శాఖ సొంత డిజైను విభాగమే. అంటే ముప్పును ఎస్సెల్బీసీలోలా కాంట్రాక్టరు నెత్తిన పెట్టినా, మేడిగడ్డలోలా శాఖ నెత్తిన ఉంచుకున్నా ఫలితం మారలేదు. ఈ పోలిక మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. ఈపీసీనే దోషి అనేవాళ్లు మేడిగడ్డను, ఏజెన్సీ చేతిలోనే ఉంచాలి అనేవాళ్లు ఎస్సెల్బీసీని తలుచుకోవడం మానేశారు.

ఈ వాదానికే ఖర్చు లెక్కల కొమ్మ ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, మేడిగడ్డ భాగమైన కాళేశ్వరం ప్రాజెక్టుకు చూపిన లాభం-ఖర్చు నిష్పత్తి 1.51 కాగా పెరిగిన వ్యయంతో లెక్కిస్తే 0.52కి పడిపోతుందని చెప్పింది. రూపాయి పెడితే అర్ధరూపాయి. మెట్ట రైతు దృష్టిలో నీటి విలువను ఈ నిష్పత్తి పట్టుకోలేదని సమర్థకుల జవాబు. అది కొట్టిపారేయాల్సిన జవాబు కాదు, కానీ అంత విలువ ఉంటే అది కూడా ముందే లెక్కలోకి ఎక్కాల్సింది.

'ఇలాంటివి జరుగుతాయి' అనే వాదం

నాలుగోది నింపాది వాదం. మేడిగడ్డ ఎనిమిది బ్లాకుల్లో ఏడోది కుంగితే మొత్తం ప్రాజెక్టు కుంగినట్టు కాదు, ఆ బ్లాకు బాగుచేసి వాడుకోవాలి అంటారు. రాజకీయాల నుంచి విడదీసి చూస్తే దీనికి ప్రపంచవ్యాప్తంగా అండ ఉంది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1967లో ఒక విచిత్రమైన మాట చెప్పాడు. కష్టాలన్నీ ముందే తెలిస్తే ఎవరూ ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టరని, తెలియకపోవడమే మేలు చేస్తుందని. చార్లెస్ పెరో 1984లో ఇంకో కోణం చెప్పాడు. విడిభాగాలు గట్టిగా ముడిపడ్డ పెద్ద వ్యవస్థల్లో ప్రమాదాలు మామూలేనని.

దీనికి ఎదురు లెక్క బెంట్ ఫ్లైబ్యర్గ్‌ది. వేల ప్రాజెక్టుల వివరాలు పోగుచేసి, అనుకున్న ఖర్చులో, అనుకున్న కాలంలో పూర్తయ్యేవి నూటికి 8.5 మాత్రమేనని, అనుకున్న ప్రయోజనం కూడా ఇచ్చేవి అర శాతమేనని తేల్చాడు. ఆయన బృందం 2014లో 245 పెద్ద డ్యాములను చూస్తే ఖర్చు సగటున 96 శాతం పెరిగింది. ఆయన మందు సులువు. నీ ప్రాజెక్టు ప్రత్యేకమని నమ్మకు, ఇలాంటివి ఇంతకుముందు ఏమయ్యాయో చూసి అక్కడి నుంచి అంచనా మొదలుపెట్టు. ఆ మందు పనిచేయాలంటే ముందు మన దగ్గర పాత ప్రాజెక్టుల పద్దు ఉండాలి.

బయటివాళ్లు దారి ఎలా వేశారు

1976 జూన్ 5న అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని టీటన్ డ్యాం మొదటిసారి నింపుతుండగానే తెగింది. పగుళ్లున్న బండలోకి నీరు చొచ్చుకుపోయి మట్టిని కడిగేసింది. కట్టిన సంస్థతో సంబంధం లేని నిపుణుల బృందం విచారించి, ఆ ఏడాది ముగిసేలోపే నివేదిక ఇచ్చింది. 1978లో డ్యాముల భద్రతకు చట్టం వచ్చింది, అదే సంస్థ కట్టిన ఇతర డ్యాములను తిరిగి పరిశీలించే పని మొదలైంది. గమనించాల్సింది చివరిది. విచారణ టీటన్ దగ్గర ఆగలేదు, టీటన్ లాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూసింది.

విమానయానంలో ఇంకో పద్ధతి ఉంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రమాద విచారణ ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటం, నింద వేయడం కాదు. నేరమో, నిర్లక్ష్యమో ఉంటే దానికి పోలీసులూ కోర్టులూ వేరే. మన దేశంలోనూ విమాన ప్రమాదాలకు ఇదే పద్ధతి ఉంది. డ్యాముల విషయంలో మనం 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం దారిలో వెళ్తాం, ఆ దారి తప్పెవరిదో తేల్చడానికి వేసినట్టు ఉంటుంది. 2021 డిసెంబరులో వచ్చిన డ్యాం భద్రతా చట్టం రెండింటి మధ్య ఒక మెట్టు. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు తప్పనిసరి చేసింది, వైఫల్యాల కారణాలు అధ్యయనం చేసే బాధ్యత జాతీయ కమిటీకి అప్పగించింది. అన్నమయ్య కట్ట తెగిన నెలలోపే పార్లమెంటు ఈ చట్టాన్ని ఆమోదించింది.

పనులు మొదలుకాకముందు చేసే చిన్న పద్ధతి కూడా ఒకటుంది. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ దాన్ని ముందస్తు పోస్టుమార్టం అంటాడు. బృందాన్ని కూర్చోబెట్టి, 'ఏడాది గడిచింది, ప్రాజెక్టు ఘోరంగా విఫలమైంది, ఎందుకో తలా ఒక కాగితం మీద రాయండి' అంటారు. ముప్పులు చెప్పమంటే నోరు మెదపని జూనియరు ఇంజనీరు, అయిపోయిందనుకోమంటే నాలుగు కారణాలు రాస్తాడు. అధికారి ముందు కాదనలేని మన ఆఫీసుల్లో ఇది ఎక్కువ అక్కరకొస్తుందనుకుంటాను. మంత్రులు వచ్చే తేదీ ముందే ఖాయమైన చోట మరీనూ.

పక్కపక్కన పెడితే

నాలుగు వాదాలకూ ఒకే సంఘటన ఇచ్చి చూద్దాం, తుంగభద్ర 19వ గేటు. తప్పు ఎవరిది అనేవాళ్లకు ఇది దొరకని కేసు, ఏడు దశాబ్దాల గొలుసుకు ఎవరిని అరెస్టు చేస్తారు? నేల వాదానికి పునాదిలో లోపమేమీ కనిపించదు. కాంట్రాక్టు వాదులు రెండు మూడు రాష్ట్రాల ఉమ్మడి డ్యాంలో నిర్వహణ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న లేవదీస్తారు. నింపాది వాదులు ఆగస్టు మూడో వారానికల్లా స్టాప్‌లాగులు దించి ప్రవాహం ఆపిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడును చూపించి, చూశారా బాగైపోయింది అంటారు. నిజంగానే గొప్ప పని, దూకే నీటిలో ఒక్కో ఇనుప దిమ్మెనూ దించారు. ఆ దిమ్మెలు అప్పటికప్పుడు తయారు చేయించాల్సి వచ్చింది. గేటు పోతే అడ్డుపెట్టడానికి డ్యాం దగ్గర సిద్ధంగా ఉండాల్సిన వస్తువు లేదన్న సంగతి గొలుసు తెగిన రాత్రే బయటపడింది.

అన్నమయ్యలో ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్రమంత్రి పార్లమెంటుకు చెప్పారు. ఆ గేటు వరద రోజున చెడిందా, చాలాకాలంగా చెడి ఉందా అన్న ప్రశ్న మిగిలిన అన్ని ప్రశ్నల కంటే చిన్నదిగా కనిపిస్తుంది, నిజానికి అదే పెద్దది. నెల నెలా గేట్లు ఎత్తి దించి, 'మూడో నంబరు బిగుసుకుంది' అని రాసే పుస్తకం ఉంటే జవాబు అందులో ఉంటుంది.

తేలనివి

కొన్ని ప్రశ్నలు నిజంగానే తెగలేదు. మేడిగడ్డలో ఏడో బ్లాకును బాగుచేయాలా, మిగతా బ్లాకుల కింద ఏముందో తెలియకుండా ఆ ఒక్కదాన్ని బాగుచేస్తే ప్రయోజనం ఉందా అన్నది ఒకటి. తప్పు తేల్చే విచారణను, కారణం తేల్చే విచారణను విడదీస్తే తప్పు చేసినవాడు తప్పించుకుంటాడన్న భయానికి సరైన జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఇంజనీరు ముందే రాసిన హెచ్చరికకు చట్టం రక్షణ ఇవ్వాలా అన్న విషయానికి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చోటు రావడం లేదు. ఎస్సెల్బీసీని ఇక యంత్రంతో కాకుండా పేలుడు పద్ధతిలో ముందుకు నడపాలన్న నిర్ణయం మీదా భిన్నాభిప్రాయాలున్నాయి. అడవి పైన ఉండగా, పెళుసు రాతిలో, పేల్చడం తక్కువ ముప్పా ఎక్కువ ముప్పా?

దేవన్నపేటలో ఇంకా మోటార్లున్నాయి. రామప్ప నుంచి ధర్మసాగర్ దాకా నీటి దారిలో సొరంగం, సర్జ్‌పూల్, పైపులైను, వాల్వులు అన్నీ వరుసగా కూర్చుని ఉన్నాయి, ఒకటి ఆగితే మిగిలినవి ఆగుతాయి. మొదటి మోటారు మొరాయించిన ఆ కొద్ది రోజుల్లో ఏమైందో షిఫ్టు పుస్తకంలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఆ పేజీ రెండో మోటారు బిగించినవాళ్ల టేబుల్ మీదకు వచ్చిందా అన్నది హనుమకొండ నుంచి పది కిలోమీటర్ల దూరంలో, ఏ కమిషనూ లేకుండా, ఒక్క రోజులో తేల్చగల సంగతి.